నా జబ్బు గురించి బయటికి చెప్తే అక్క గురించి కూడా చెప్పినట్టేనా?

తూనీగ
నాకు 19. ఫ్రీడ్‌రైక్ అటాక్సియా ఉంది. తెలియనివాళ్లకి క్లుప్తంగా: జన్యువులో తేడా వల్ల వచ్చే నరాల జబ్బు. చిన్నప్పుడు మామూలుగానే ఉంటాం. ఎక్కువమందిలో 10 నుంచి 15 ఏళ్ల మధ్య మొదలవుతుంది. నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, చేతిరాత చెడిపోతుంది, వెన్ను వంకర తిరుగుతుంది, గుండె కండరం మందమవుతుంది. తెలివికి మాత్రం ఏమీ కాదు. ఆ చివరి ముక్క చెప్తే ఎవరూ నమ్మరు.

నా నడక చూసి తాగొచ్చిందనుకున్నవాళ్లు ఉన్నారు. పరీక్ష హాల్లో అందరి ముందూ నా నోటి వాసన చూసిన ఇన్విజిలేటర్ ఉంది. అందుకే చిన్న చిన్న వీడియోలు చేద్దామనుకున్నా. సెప్టెంబర్ 25 అంతర్జాతీయ అటాక్సియా అవగాహన దినం. ఆ రోజు మొదటిది పెడదామని స్క్రిప్టు కూడా రాసుకున్నా.

అక్క వద్దంటోంది. తనకి 24. "నీకున్నది జన్యువుల జబ్బు అని అందరికీ చెప్తే నా జన్యువుల గురించీ చెప్పినట్టే. నన్నడిగావా?" అంది. తనకి లక్షణాలేం లేవు. టెస్ట్ చేయించుకోలేదు, చేయించుకోవాలో వద్దో కూడా తేల్చుకోలేదు. అమ్మ అక్క వైపు. నాన్న నోరు విప్పట్లేదు.

నాకు కోపంగా ఉంది. తను చెప్పిందాంట్లో నిజం ఉందేమో అని కూడా ఉంది. ఇలా బయటికి చెప్పినవాళ్లు, ఇంట్లో ఇంకెవరో చెప్తే ఇబ్బంది పడ్డవాళ్లు ఉంటే రాయండి.

మూడోబెంచి
పెట్టెయ్. నీ ఒళ్లు, నీ నడక, నీ మాట. దీనికి ఇంకొకరి పర్మిషన్ ఏంది?

వానకోయిల
@మూడోబెంచి అంత తేలికైతే ఆ పిల్ల ఇక్కడికొచ్చి అడిగేదే కాదు. పేరు, ముఖం, జబ్బు మూడూ కలిసి ఒకసారి నెట్‌లోకి వెళ్లాక వెనక్కి రావు. రేపు ఉద్యోగానికి వెళ్తే ముందు పేరు కొట్టి చూస్తారు. అక్కని చూసినవాళ్లకీ అదే గుర్తొస్తుంది.

మూడోబెంచి
ఆమె తూలుకుంట నడుస్తది. వీడియో పెట్టకున్నా అందరికి కనిపిస్తది. ఇప్పుడేమో తాగిందనుకుంటున్నరు. అంతకన్నా అసలు సంగతి తెలిసుడే నయం కదా.

పచ్చికొమ్మ
ఇది ఒప్పుకోవాలి. దాచుకోవడానికి వీలున్న జబ్బు కాదు.

నిద్రలేని_నాన్న
నేను అవతలి వైపు నుంచి చెప్తా. ఎవరో ఒకరు బయటికి చెప్పబట్టే మా అబ్బాయికి ఏమైందో తెలిసింది.

వాడికి ముందు కనిపించింది వెన్ను వంకర. ఎముకల డాక్టర్ బ్రేస్ వేశారు. పాదాల వంపు బాగా ఎత్తుగా ఉందని ఇంకొకాయన ప్రత్యేకం బూట్లు చేయించమన్నారు. ఆటల్లో పడిపోతుంటే ఆ బ్రేస్ వల్లే అనుకున్నాం. వెన్నుకి ఒకరు, పాదాలకి ఒకరు, రెంటినీ కలిపి చూసినవాళ్లు లేరు. చాలాకాలానికి ఒక న్యూరాలజిస్ట్ ఎక్సోమ్ టెస్ట్ రాశారు. ఏమీ లేదని వచ్చింది. జన్యువుల టెస్టే ఏమీ లేదన్నాక ఇంకేముంటుంది? ఆ రాత్రి ఇంటిల్లిపాదీ హాయిగా పడుకున్నాం.

ఆ తర్వాత ఎప్పుడో ఫోన్‌లో ఒక కుర్రాడి వీడియో కనబడింది. వాష్‌బేసిన్ ముందు నిలబడి, "ముఖానికి సబ్బు రాసి కళ్లు మూసుకుంటే నేను పడిపోతా. అందుకే ఒక చెయ్యి గోడకి ఆనించి రెండో చేత్తో కడుక్కుంటా" అని చేసి చూపిస్తున్నాడు. మా వాడు అచ్చం అలాగే కడుక్కుంటాడు. అది వాడి తీరు అనుకున్నాం ఇన్నాళ్లూ.

ఆ వీడియో పట్టుకుని న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. ఆయన మోకాలి మీద సుత్తితో కొట్టి చూశారు, కాలు కదల్లేదు. ఈసారి జీఏఏ రిపీట్ల టెస్ట్ విడిగా పంపించారు. అందులో దొరికింది.

ఆ కుర్రాడెవరో నాకు తెలీదు. వాళ్లింట్లోనూ వద్దన్నవాళ్లు ఉండే ఉంటారు.

తూనీగ
@నిద్రలేని_నాన్న అంకుల్, నేనూ అలాగే కడుక్కుంటా! చీకట్లో నడవడం కూడా అంతే. కరెంట్ పోతే ఉన్నచోటే కూర్చుండిపోతా. మీ అబ్బాయికి చెప్పండి, వాడొక్కడే కాదని.

కానీ ఎక్సోమ్‌లో ఎందుకు రాలేదు? నాకు నేరుగా రిపీట్ల టెస్టే చేశారు.

జీన్‌పాఠం
జెనెటిక్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ముందు ఎక్సోమ్ సంగతి. ఈ జబ్బుకి కారణమైన ఎఫ్ఎక్స్ఎన్ జన్యువు 9వ క్రోమోజోమ్ మీద ఉంది. 1996లో కనుక్కున్నారు. అందులో ఒకచోట జీఏఏ అనే మూడక్షరాల వరస పదే పదే వస్తుంది. మామూలుగా 33 లోపు ఉంటుంది. జబ్బు ఉన్నవాళ్లలో వందల్లో ఉంటుంది, ఎక్కువమందికి 600 నుంచి 1,200 దాకా. దాంతో ఫ్రటాక్సిన్ అనే ప్రొటీన్ తయారీ పడిపోతుంది. అది తగ్గితే కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దెబ్బతింటాయి. కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయో మెదడుకి చేరవేసే నరాలు ముందుగా పోతాయి. ఆ కబురు అందనప్పుడు కళ్లే ఆధారం. కళ్లు మూసుకుంటే పడిపోయేది అందుకే.

ఎక్సోమ్ టెస్ట్ డీఎన్ఏని చిన్న చిన్న ముక్కలుగా చదువుతుంది. పేజీ నిండా ఒకే మాట రాసి, ఆ పేజీని ముక్కలుగా చింపి మీ చేతికిస్తే అది ఎన్నిసార్లు రాశారో చెప్పగలరా? పైగా ఈ వరస ఉన్న చోటు ఎక్సోమ్ పెద్దగా చదవని ఇంట్రాన్, అంటే జన్యువులో ప్రొటీన్ సమాచారం లేని భాగం. అందుకని ఎక్సోమ్‌లో ఏమీ లేదంటే ఫ్రీడ్‌రైక్ లేదని అర్థం కాదు. రిపీట్ల టెస్ట్ అని విడిగా అడగాలి. తూనీగా, నీ మొదటి వీడియోలో ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు.

ఇక అక్క సంగతి. లెక్క ప్రకారం తను చెప్పింది నిజమే. ఇది రిసెసివ్ జబ్బు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీల్లోనూ తేడా ఉంటేనే వస్తుంది. ఒక్క కాపీలోనే తేడా ఉన్నవాళ్లని క్యారియర్లంటారు. కాబట్టి నువ్వు జబ్బు పేరు చెప్పగానే అమ్మానాన్నలు క్యారియర్లని తెలిసినవాళ్లకి తెలిసిపోతుంది. జబ్బు లేని తోబుట్టువు క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. క్యారియర్‌కి జబ్బు రాదు, అందులో తప్పూ సిగ్గూ లేవు. కానీ ఆ సమాచారం తనది.

ఇంకోటి. పాతికేళ్లు దాటాక మొదలయ్యే రకం కూడా ఉంది, అరుదు. అక్కకి ఈ సంగతి తెలుసో లేదో నాకు తెలీదు. కొందరికి అసలు భయం లోకానికి తెలుస్తుందని కాదు, తనకి తెలుస్తుందని. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఉంటుంది.

గోరింక
మూడింట రెండు వంతులేంటండీ, సగం కదా? స్కూల్లో 25, 50, 25 అని చదివాం.

జీన్‌పాఠం
@గోరింక అది ఇంకా పుట్టని బిడ్డకి. నాలుగు అవకాశాలు: ఒకటి జబ్బు, రెండు క్యారియర్, ఒకటి ఏమీ లేదు. అక్కకి జబ్బు లేదనుకుంటే ఆ మొదటిది కొట్టేస్తాం. మిగిలినవి మూడు, అందులో రెండు క్యారియర్.

గోరింక
ఓహో. మా సైన్స్ మాస్టారు ఇలా చెప్పుంటే నాకు ఇంకో రెండు మార్కులొచ్చేవి.

రాగిరేకు
నాది వేరే అరుదైన జబ్బు. విల్సన్. ఒంట్లో రాగి పేరుకుపోయి కాలేయాన్నీ మెదడునీ దెబ్బతీస్తుంది. నా హ్యాండిల్ అక్కణ్నించి వచ్చిందే.

చేతులు వణకడం మొదలైనప్పుడు టెన్షన్ అన్నారు. మాట తడబడితే మానసికం అన్నారు. చివరికి కళ్ల డాక్టర్ నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం చూసి పట్టుకున్నారు. ఇదీ రిసెసివే. కానీ మా దగ్గర కథ వేరు. నాకు తెలిసిన వెంటనే తమ్ముడికి టెస్ట్ చేయాల్సిందే అన్నారు. వాడికీ ఉంది. లక్షణాలు రాకముందే మందు మొదలుపెట్టారు, ఇప్పుడు కులాసాగా ఉన్నాడు. అక్కడ నేను గుట్టుగా ఉంచి ఉంటే వాడి కాలేయం పోయేది.

అందుకే నాకనిపిస్తుంది, ఇంట్లో చెప్పడం వేరు, లోకానికి చెప్పడం వేరు. ఇంట్లో చెప్పడం బాధ్యత. లోకానికి చెప్పడం నీ ఇష్టం, అందులో మాత్రమే అక్కకి మాట ఉంది.

దిక్సూచి
కోపగించుకోకండి, ఒక మాట అడుగుతా. యూరప్ మూలాలున్నవాళ్లలో 50,000 మందికి ఒకరికి వచ్చే జబ్బు ఇది. మిగతా 49,999 మంది ఆ వీడియో చూసి ఏం చేయాలి? ఒకసారి కాలు తడబడితే చాలు, వెతుక్కుని వెతుక్కుని భయపడేవాళ్లు ఎక్కువవుతారు. విల్సన్‌కి మందుంది, ప్రచారానికి అర్థం ఉంది. దీనికి నయం చేసే మందు లేనప్పుడు తెలిసి ప్రయోజనం?

నిద్రలేని_నాన్న
@దిక్సూచి ప్రయోజనం నేను చెప్తా. తెలిశాక మా వాడికి ఏటా గుండెకి ఎకో తీస్తున్నారు. ఈ జబ్బులో ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా గుండె వల్లే. షుగర్ కూడా వచ్చే అవకాశం ఉందని దానికీ టెస్టులు చేస్తున్నారు. వెన్ను ఆపరేషన్ ఎప్పుడు చేయాలో ఆలోచించే పద్ధతి మారింది, మత్తు ఇచ్చే డాక్టర్‌కి గుండె సంగతి ముందే తెలుసు. ఇవన్నీ పేరు తెలిస్తేనే జరిగాయి.

జీన్‌పాఠం
@దిక్సూచి రెండు విషయాలు.

ఒకటి, అచ్చం ఫ్రీడ్‌రైక్ లాగే కనిపించే ఇంకో జబ్బు ఉంది. టీటీపీఏ జన్యువులో తేడా వల్ల విటమిన్ ఇ ఒంటికి పట్టదు. అదే తూలడం, మోకాలి మీద సుత్తితో కొడితే కాలు కదలడం లాంటి రిఫ్లెక్సులు అలాగే పోవడం. దానికి ఎక్కువ మోతాదులో విటమిన్ ఇ ఇస్తే జబ్బు ముదరకుండా ఆగుతుంది, తొందరగా మొదలుపెడితే కొంత వెనక్కి కూడా వస్తుంది. కనిపెట్టడానికి రక్తపరీక్ష చాలు. తూలుతున్న పిల్లల్ని న్యూరాలజిస్ట్ దాకా తీసుకొచ్చే వీడియో ఏదైనా ఈ పిల్లలకీ పనికొస్తుంది.

రెండు, మందు అసలే లేదనడం ఇప్పుడు సరికాదు. ఒమావెలాక్సొలోన్ అనే మందుని 2023 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ, 2024 ఫిబ్రవరిలో యూరప్ అనుమతించాయి. 16 ఏళ్లు నిండినవాళ్లకి. నయం చేయదు, జబ్బు ముదరడాన్ని నెమ్మది చేస్తుంది. 48 వారాల ట్రయల్‌లో మందు వేసుకున్నవాళ్లకీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ మధ్య నరాల స్కోరులో 2.4 పాయింట్ల తేడా కనిపించింది. కాలేయం పరీక్షలు చేయించుకుంటూ వాడాలి. ఇలాంటి ట్రయల్‌కి మనుషులు దొరకాలంటే ముందు వాళ్లకి తమ జబ్బు పేరు తెలియాలి, రిజిస్ట్రీలో నమోదవ్వాలి. 1863లో జర్మనీలో హైడెల్‌బర్గ్ ప్రొఫెసర్ నికొలాస్ ఫ్రీడ్‌రైక్ మొదటిసారి రాసిన జబ్బుకి మొదటి మందు రావడానికి 160 ఏళ్లు పట్టింది.

మూడోబెంచి
2014ల ఐస్ బకెట్ యాదికుందా? నెత్తి మీద చల్లటి నీళ్లు గుమ్మరించుకునుడు. నవ్వినోళ్లే ఎక్కువ. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు కోసం చేసిన్రు. ఒక్క ఏఎల్ఎస్ అసోసియేషన్‌కే 11.5 కోట్ల డాలర్లు వచ్చినయ్. ఆ పైసల్ల కొంత పోయిన ప్రాజెక్టు 2016ల నెక్1 అనే జన్యువుకు ఆ జబ్బుతో సంబంధం ఉన్నదని తేల్చింది.

దిక్సూచి
ఒప్పుకుంటా. కానీ నీళ్లు పోసుకున్నవాళ్లలో ఆ జబ్బు ఏంటో చెప్పగలిగినవాళ్లు ఎందరు? డబ్బు వచ్చింది, అర్థం రాలేదు. అర్థం రావాలంటే మొదట నిద్రలేని_నాన్న గారు చెప్పిన ఆ వాష్‌బేసిన్ వీడియోలాంటిది కావాలి. ఒక్క లక్షణం, చేసి చూపించడం. అలాంటిదైతే నా అభ్యంతరం లేదు.

పాదరసం
తూనీగా, సామీ బాస్సో గురించి చదివావా? ఇటలీ కుర్రాడు, ప్రొజీరియా. పిల్లలకి ముసలితనం ముందే వచ్చినట్టు ఉండే జబ్బు అది. చిన్నప్పట్నుంచే టీవీల్లో, స్కూళ్లలో మాట్లాడుతూ వచ్చాడు. పడోవా విశ్వవిద్యాలయంలో చదివి తన జబ్బు మీద తనే పరిశోధనలో చేరాడు. 2024 అక్టోబర్‌లో 28 ఏళ్లకి పోయాడు. అంతకుముందు అమెరికాలో సామ్ బర్న్స్, అతనికీ అదే జబ్బు, 17 ఏళ్లకే పోయాడు. అతని అమ్మానాన్నలు 1999లో పెట్టిన ఫౌండేషన్ వల్లే జన్యువు దొరకడం, 2020లో ఆ జబ్బుకి లోనాఫార్నిబ్ అనే మందుకి అనుమతి రావడం సాధ్యమయ్యాయి. నువ్వు కూడా అంత స్ఫూర్తి అవుతావు!

తూనీగ
@పాదరసం మంచి మనసుతో అన్నారని తెలుసు, థాంక్స్. కానీ నాకు స్ఫూర్తి అవ్వాలని లేదు. నేను మెట్లెక్కితే చప్పట్లు కొట్టేవాళ్లున్నారు. నాకు మెట్ల పక్కన రెయిలింగ్ కావాలి. సామీ బాస్సోలో నాకు నచ్చింది అతను ల్యాబ్‌లో కూర్చోవడం. అతన్ని చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లలో ఎంతమందికి ప్రొజీరియా ఎందుకొస్తుందో గుర్తుంది?

వీడియో చూసినవాళ్లు "అయ్యో పాపం" అని రాసి వెళ్లిపోతే నేను ఓడిపోయినట్టే. ఇంకోసారి తూలే మనిషి కనబడితే ముక్కు మూసుకోకుండా "చెయ్యి కావాలా?" అని అడగాలి. అదీ నాకు కావాల్సింది.

పచ్చికొమ్మ
రెయిలింగ్ అంటే గుర్తొచ్చింది. ఒక ఆసుపత్రిలో న్యూరాలజీ మూడో అంతస్తులో పెట్టారు. లిఫ్ట్ పాడు. నడవలేనివాళ్లందరూ కింద కూర్చుంటే డాక్టరే దిగొచ్చి మెట్ల మీద కూర్చుని చూశారు. ఆ డాక్టర్ మాత్రం బంగారం.

నిద్రలేని_నాన్న
హహ. మా వాడు అయితే ఆ డాక్టర్ రిఫ్లెక్సులు టెస్ట్ చేసేవాడు.

చుక్కలచీర
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. నేను ఆ అక్క స్థానంలో ఉన్నదాన్ని.

మా తమ్ముడికి డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీ, కండరాలు క్రమంగా బలహీనపడే జబ్బు. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అందుకే దాదాపు అందరూ మగపిల్లలే. అమ్మ క్యారియర్ అయితే నేను క్యారియర్ అయ్యే అవకాశం సగం. వాడు స్కూల్లో స్టేజీ ఎక్కి మాట్లాడాడు, చాలా బాగా మాట్లాడాడు. అందరికీ అర్థం కావాలని బొమ్మ గీసి చూపించాడు: అమ్మ, నాన్న, నేను, వాడు. నా బొమ్మ పక్కన ఒక ప్రశ్న గుర్తు.

హాల్లో నా క్లాసు వాళ్లు కూడా ఉన్నారు. ఆ తర్వాత ఎవరు ఎదురైనా "టెస్ట్ చేయించుకున్నావా?" అని అడగడమే. అందరూ మంచితనంతోనే అడిగారు. కానీ నన్ను నేను ఆ ప్రశ్న అడుక్కునేలోపు బయటివాళ్లందరూ అడిగేశారు. నిద్రలేచిన దగ్గర్నుంచీ అదే.

వాడు మాట్లాడటం మానేయాలని నేనెప్పుడూ అనుకోలేదు. వాడు మాట్లాడబట్టే స్కూల్లో ర్యాంపు కట్టారు. ఆ బొమ్మలోంచి నన్ను తీసెయ్యరా అన్నాను, అంతే. తీసేశాడు. ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నాడు. టెస్ట్ నేను చేయించుకున్నాను, నాకు చేయించుకోవాలనిపించినప్పుడు. ఏమొచ్చిందో ఇక్కడ చెప్పను.

తూనీగ
@చుక్కలచీర ఆ ప్రశ్న గుర్తు దగ్గర ఆగిపోయా. నా స్క్రిప్టులో "మా అమ్మా నాన్నా ఇద్దరూ క్యారియర్లు, మా అక్క కూడా అయ్యుండొచ్చు" అని ఉంది. జన్యువు ఎలా వస్తుందో చెప్పాలంటే అలాగే చెప్పాలనుకున్నా.

జీన్‌పాఠం
అవసరం లేదు. "ఒక తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లైతే" అని చెప్తే సరిపోతుంది. పాఠం అదే, మనుషులు మీ ఇంటివాళ్లు కానక్కర్లేదు. దగ్గరి తెలిసినవాళ్లు ఎలాగూ ఊహిస్తారు, దాన్ని పూర్తిగా ఆపలేం. ఆ మాట అక్కకి ముందే చెప్పు, తర్వాత తెలిసి బాధపడకుండా.

వానకోయిల
ముఖం లేకుండా చేస్తే? చేతులు, కాళ్లు, గొంతు మాత్రమే. అక్క సమస్య కూడా చాలావరకు తీరిపోతుంది.

తూనీగ
అదొక్కటీ చేయను. తాగిందనుకుని అందరూ చూసింది నా ముఖాన్ని. ఇప్పుడు నిజం చెప్పేటప్పుడు దాచుకుంటే తప్పు చేసినదానిలా ఉంటుంది. ఇంటిపేరు వాడను, కాలేజీ పేరు చెప్పను. ముఖం మాత్రం ఉంటుంది.

మూడోబెంచి
గదీ మాట.

వానకోయిల
సరే, అది నీ నిర్ణయం, గౌరవిస్తా. అయితే కొన్ని జాగ్రత్తలు. రిపోర్టులు చూపిస్తే పేరు, పుట్టిన తేదీ, బార్‌కోడ్ అన్నీ చెరిపెయ్. వ్యాఖ్యల్ని నువ్వే చదువుకోకు, ఇంకెవరికైనా అప్పగించు. ఇంకా ముఖ్యం: వీడియో పెట్టిన మర్నాటి నుంచి మందులమ్మేవాళ్లు దిగుతారు. స్టెమ్ సెల్స్‌తో నడిపిస్తాం, పొడితో జన్యువు మారుస్తాం అంటారు. నీకే కాదు, నీ వీడియో కింద రాసిన ప్రతి తల్లికీ విడిగా మెసేజ్ పెడతారు. అవి ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. మా బంధువుల అబ్బాయి విషయంలో ఇల్లు తాకట్టు పెట్టేదాకా వెళ్లింది. ఏమీ తగ్గలేదు.

రాగిరేకు
ఇది నూటికి నూరుపాళ్లు నిజం. విల్సన్ గ్రూపుల్లో అయితే "మందులు ఆపేసి ఇది తాగండి" అంటారు. మందు ఆపితే మాకు ప్రాణమే పోతుంది.

ఫిజియో_గది
ఫిజియోథెరపిస్ట్‌ని. వీడియో కోసం పడిపోయి చూపించొద్దు. కళ్లు మూసుకుని నిలబడే భాగం తీసేటప్పుడు వెనక ఒక మనిషి, ముందు గోడ ఉండాలి. ఒకే రోజు అన్నీ తీయాలనుకోకు. ఈ జబ్బులో అలసట బద్ధకం కాదు, కండరానికి నిజంగానే శక్తి అందదు. పొద్దున చేసిన పనే సాయంత్రానికి చేయలేకపోవచ్చు. వీలైతే అది కూడా చూపించు: అదే నడక, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

తూనీగ
@ఫిజియో_గది ఇది చాలా బాగుంది. రాసుకున్నా.

బోర్డుముందు
టీచర్‌ని. నా క్లాసులో ఇలాంటి పిల్లలు ఉంటే ఏం చేయాలో నేరుగా చెప్పు. వీడియో వచ్చేదాకా ఆగలేను.

తూనీగ
@బోర్డుముందు రాయడానికి ఎక్కువ టైం ఇవ్వండి, కుదిరితే టైప్ చేయనివ్వండి. తలుపు దగ్గర సీటు. నిలబడి సమాధానం చెప్పమనొద్దు. మాట నెమ్మదిగా వస్తే మధ్యలో మీరే వాక్యం పూర్తి చేయొద్దు, ఆగండి. కొందరికి వినికిడి కూడా తగ్గుతుంది, వెనక బెంచీలో కూర్చోబెట్టొద్దు. పాఠం సులువు చేయక్కర్లేదు. అందరికీ ఇచ్చే కష్టమైన లెక్కే మాకూ ఇవ్వండి.

బోర్డుముందు
ఆ చివరిది స్టాఫ్ రూమ్‌లో అందరికీ చెప్తా.

తూనీగ
అక్కతో మాట్లాడా. చుక్కలచీర గారి పోస్టు తనకి చూపించా, ఏమీ అనకుండా ఫోన్ తీసుకుని మొత్తం థ్రెడ్ చదివింది. మూడోబెంచి గారి మొదటి పోస్టుకి కళ్లెర్రజేసింది కూడా.

ఒప్పందం ఇది. నేను ముఖంతోనే మాట్లాడతా. ఇంట్లో ఎవరి గురించీ మాట్లాడను, ఫొటోల్లో కూడా ఉండరు. ప్రతి వీడియో అక్క ముందు చూస్తుంది. తన గురించి ఏదైనా ఉంటే తీసెయ్యమనొచ్చు, నేను వాదించను. నా గురించి ఉన్నదాన్ని తీసెయ్యమనకూడదు, తనూ వాదించదు. టెస్ట్ గురించి నేను అడగను. ఇంట్లో ఎవరూ అడగరని నాన్న అన్నాడు. ఇన్నాళ్లకి నాన్న ఒక మాట అన్నాడు.

కౌన్సెలర్ దగ్గరికి ఒక్కతే వెళ్లొస్తానంది అక్క. ఎప్పుడని అడగలేదు.

మూడోబెంచి
అక్కకు నమస్తే చెప్పు. నా మాట మీద నేను ఉన్న, నీ గురించి నువ్వు మాట్లాడనీకి ఎవ్వరినీ అడగనక్కర లేదు. మీ ఒప్పందంల కూడా గదే ఉన్నది కదా.

చుక్కలచీర
అక్కకి నాతో మాట్లాడాలనిపిస్తే నా ఇన్‌బాక్స్ తెరిచే ఉంటుంది. తనే రాయాలి, నువ్వు రాయించకు.

తూనీగ
చెప్పా.

కొత్త స్క్రిప్టు జీన్‌పాఠం గారికి పంపా. మొదట వాష్‌బేసిన్, తర్వాత చీకట్లో నిలబడటం, తర్వాత ఎక్సోమ్ సంగతి, చివర్లో విటమిన్ ఇ. మూడు నిమిషాలు వచ్చింది.

జీన్‌పాఠం
చదివాను. విటమిన్ ఇ రక్తపరీక్ష మాట చివర్లో ఉంది, అంతదాకా సగంమంది చూడరు. వాష్‌బేసిన్ అయిన వెంటనే పెట్టు. మందు గురించి చెప్పేచోట 16 ఏళ్లు నిండాలి, నయం చేయదు, ఈ రెండూ ఒకే వాక్యంలో రావాలి. లేకపోతే తల్లిదండ్రులు సగం విని పరిగెత్తుతారు. మిగతాదంతా సరిగ్గా ఉంది.

తూనీగ
మార్చా. మాట ముద్దగా వస్తుంది కాబట్టి కింద అక్షరాలు వేయాలి. టైప్ చేయడం నాకు చాలా నెమ్మది. ఎవరైనా సాయం చేస్తారా?

నిద్రలేని_నాన్న
మా వాడు చేస్తానంటున్నాడు. వాడూ నెమ్మదే, కానీ తప్పు పోదు. సెప్టెంబర్ 25కి ఇంకా టైముంది, ఫైల్ పంపు.